పెద్దలు తాగిన బర్బన్‌కు నేనిచ్చిన మార్కులు

నాకు జరిగిన అన్యాయాలను జరిగిన క్రమంలోనే, తిథివార సహితంగా, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మహాలయ అమావాస్య, మాలూరులో: ముగ్గురమూ కూర్చున్నప్పుడే సీలు తీయాలని ఒప్పుకున్న సీసాను, నా పరోక్షంలో, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా తెరిచారు.

అదే రోజు, అదే ఇంట్లో: సీసాలోంచి లోటాలోకి వంచిన ద్రవాన్ని తిరిగి సీసాలోకే పోశారు. దీన్ని విడిగా ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుముందు తెలుస్తుంది.

దసరా వెళ్లిన ఆదివారం, ఉదయం, మా వసారాలో: నేను వాసన పరిశీలిస్తుండగా నా ముక్కుకు జానెడు దూరంలో మసాలా శెనక్కాయల పళ్లెం పెట్టారు.

అదే ఉదయం, కొంతసేపటికి: నా నివేదికను పోస్టుమార్టం రిపోర్టు అన్నారు.

అదే ఉదయం, అదే మాటలో: పిల్లల పెళ్లినాటి నుంచి 'మీరు' అని పిలుచుకుంటున్న సంబంధంలో 'నువ్వు' అన్నారు. ఒక్కసారితో ఆపలేదు.

అదే రోజు, మధ్యాహ్నపు రైలు వేళకు: సీసాను మా ఇంట్లో వదిలేసి, దాని మూతను మాత్రం జేబులో వేసుకొని వెళ్లిపోయారు.

ఆ మరుసటి ఆదివారం మొదలు నేటి దాకా, ప్రతి ఆదివారం: రాలేదు.

చివరిది తప్ప మిగిలినవన్నీ క్షమించదగినవే. కొన్నింటిని ఇదివరకే క్షమించాను కూడా, తేదీ వేసి. ఆ చివరిదాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

నిందితుడు నా వియ్యంకుడు. మా అమ్మాయిని ఆయన కొడుక్కు ఇచ్చాము. ఆయనకు మాలూరులో ఇటుకల బట్టీ ఉంది. అయితే పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, బంగారు గనుల కార్మికుల లైను ఇళ్లలో. మా పెద్దల్లాగే ఆయన పెద్దలూ చిత్తూరు వైపు పల్లెల నుంచి గనిలోకి దిగడానికి వచ్చినవాళ్లు. గనులు మూతబడ్డాక ఊరు వదిలినవాళ్లలో చాలామంది పండగలకు కూడా ఇటు తిరిగి చూడలేదు. ఈయన మాత్రం ప్రతి ఆదివారం పొద్దున మాలూరులో రైలెక్కి మారికుప్పంలో దిగుతారు. మారికుప్పం తరువాత పట్టాలు లేవు కనుక, నిద్రపోయినా దిగక తప్పదు. అక్కడి నుంచి ఆటోలో మా ఇంటికి వచ్చి, వసారాలో కూర్చొని, ఆ వారమంతా నేను ఏయే విషయాల్లో పొరబడ్డానో చెప్పడం మొదలుపెడతారు. నేను ఒక్కొక్కటిగా ఖండిస్తాను. ఈ ఏర్పాటు మా ఇద్దరి ఆరోగ్యానికీ బాగా పడింది.

ఇక నా సంగతి. గనుల పరీక్షాశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గనిలోంచి వచ్చిన రాయిని పొడి చేసి, మూసలో కరిగించి, అందులో బంగారం ఏపాటిదో తేల్చి కాగితం మీద రాయడం నా ఉద్యోగం. ఒకే రాతిపొడిని ఇద్దరికి ఇచ్చేవాళ్లు. ఆ ఇద్దరూ మాట్లాడుకోకూడదు, ఒకరి కాగితం మరొకరు చూడకూడదు. రెండు అంకెలూ కలిస్తే సరి. కలవకపోతే మూడో మనిషి వచ్చేవాడు. పై అధికారి ముఖం చూసి అంకె మార్చినవాడు మా గదిలో లేడు; ఉన్నా ఎక్కువకాలం లేడు. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుండేది. ఒకసారి బయటికి తీసిన నమూనాను తిరిగి డబ్బాలో పోయకూడదు. ఆ నియమాన్ని గోడ మీద రాయలేదు. ఊపిరి పీల్చుకోవలెనని కూడా గోడ మీద రాయలేదు.

ఆ గదిలో మేము డిస్టిల్డ్ వాటర్ నింపుకొనే సీసాలు ఒకప్పుడు దొరలు తాగి వదిలిపోయిన విస్కీ సీసాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలిసిన విస్కీ అంటే ఆ లేబుళ్లే. అందులో నీళ్లు పోసుకొని, లేబుల్ వైపు చూస్తూ తాగినవాళ్లు మాలో ఉన్నారు. వాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి గానీ ఇక్కడ అనవసరం.

రిటైరయ్యాక చేతులకు పని లేకుండా పోయింది, ముక్కుకూ పని లేకుండా పోయింది. అప్పుడు మొదలైంది ఆదివారపు పరిశీలన. సభ్యులం ముగ్గురం. నేను, వియ్యంకుడు, పక్కింటి వైండింగ్ డ్రైవరు. ఆయన గని బావి పైన ఇంజను నడిపి, మనుషులున్న పంజరాన్ని కిందికి దించడం, పైకి లాగడం జీవితమంతా చేసినవాడు. కనుక పైకి వచ్చిన ప్రతిదీ ఆయనకు సంతోషమే. ఏ సీసా ఇచ్చినా బాగుందంటాడు. సభలో అలాంటివాడొకడు ఉండవచ్చు, ఇద్దరు ఉండకూడదు.

నియమాలు నేనే రాశాను. ఉదయం పూట, గాలి లేవకముందే కూర్చోవాలి. గాలి లేస్తే, బంగారం తీశాక మిగిలిన రాతిపొడి గుట్టలుగా పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్ము గ్లాసులో కూడా సభ్యత్వం అడుగుతుంది. పోసేది కొద్దిగానే, ముగ్గురికీ సమానంగా. మాది పరీక్ష గానీ పండగ కాదు. మధ్యలో నోరు శుభ్రపడటానికి ఉప్పు లేని బొరుగులు, మంచినీళ్లు. పద్దులు నాలుగు: రంగు, వాసన, రుచి, మింగాక మిగిలేది. ఎవరి కాగితం వాళ్లు రాసి మడిచిపెట్టేదాకా మాట్లాడకూడదు. ఈ చివరి నియమాన్ని వియ్యంకుడు ఒక్క ఆదివారమైనా పాటించలేదు. నాలుకతో పని ఉన్నచోట నాలుకను కట్టేయమనడం ఏం న్యాయమని ఆయన వాదన.

ఈ పద్ధతిలో మేము మిలిటరీ క్యాంటీను రమ్మును, అట్టపెట్టె ప్యాకెట్లలో వచ్చే బ్రాందీలను, మన జిల్లా ద్రాక్షతో చేసిన వైనును పరీక్షించాము. సుగటూరు వైపు మామిడితోట రైతు ఒకాయన ఇంట్లో పులియబెట్టి పంపిన మామిడి రసానికి నేను రాసిన తీర్పు: "పారబోయవలెను. పారబోసిన చోట మొక్క నాటరాదు." ఆ రైతు నొచ్చుకోలేదు. పారబోసిన చోట ఇప్పుడు బొప్పాయి కాస్తున్నదని, ఆ రసాన్ని అన్యాయంగా తిట్టానని మా ఆవిడ నొచ్చుకున్నది.

అలాంటి మా సభకు, పోయిన వేసవిలో, వియ్యంకుడి ద్వారా ఆ సీసా వచ్చింది. ఆయన దగ్గర ఇటుకలు కొన్న ఫ్యాక్టరీ మేనేజరొకాయన విదేశం నుంచి తెచ్చి బహుమతిగా ఇచ్చారట. సింగిల్ బ్యారెల్ బర్బన్. అరుదుగా, కొద్ది సీసాలు మాత్రమే విడుదల చేసే రకం.

నేను ఆ వారమంతా చదివి తెలుసుకున్నాను. బర్బన్ అంటే అమెరికావాళ్లు మొక్కజొన్న ఎక్కువగా వేసి కాచే విస్కీ. లోపలి గోడలను కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓకు చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారు. మామూలుగా చాలా పీపాలను కలిపి అన్ని సీసాలకూ ఒకటే రుచి తెస్తారు. సింగిల్ బ్యారెల్ అన్నదాన్ని అలా కలపరు. ఒక పీపాలోది ఒక పీపాలోదిగానే సీసాలకెక్కుతుంది. ఆ పీపా ఎండ తగిలే వైపు ఉంటే ఒక రుచి, నీడ వైపు ఉంటే ఇంకో రుచి. అది ఖాళీ అయితే ప్రపంచంలో ఆ రుచి ముగిసినట్లే. సీసా మీద పీపా నంబరు, సీసా నంబరు చేత్తో రాసి ఉన్నాయి. చేత్తో నంబరు వేసిన వస్తువును నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

ఈ వివరమంతా చెప్పినప్పుడు వియ్యంకుడు శ్రద్ధగా విని, "ముసుకుజొన్న సారాయికి ఇంత కథనా బావా? మా బట్టీకాడ జొన్నకంకులు కాల్చి అమ్మే ఆయమ్మకు మాత్రం చెప్పొద్దండి. రేపటినించి కంకి మీద నంబరేసి రేటు పెంచుతాది" అన్నారు.

అంటూనే ఆ సీసాను బీరువాలో పట్టుచీరల మధ్య దాచారు. వచ్చినవాళ్లందరికీ తీసి చూపించారు. బట్టీలో లెక్కలు రాసే గుమాస్తాకు చూపించారు, పాలు పోసేవాడికి చూపించారు, రెండు చేతులతో పట్టుకోమని. ఎండలు తగ్గాక, దసరా దాటిన మొదటి ఆదివారం, ముగ్గురి సమక్షంలో సీలు తీయాలన్నది ఒప్పందం. ఒప్పందాన్ని నేను రాసిపెట్టుకున్నాను. ఆయన తలూపారు. తలూపడం సంతకంతో సమానం కాదని నాకు అప్పుడే తట్టి ఉండవలసింది.

ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కాలో, సీసాను తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను తెచ్చినట్లు తెచ్చారు. తువ్వాలు విప్పగానే నేను మొదట చూసినది మూతను. దాని చుట్టూ ఉండవలసిన మైనపు ముద్ర కోసి ఉంది. అడిగాను. రైలు కుదుపులకు మూత ఊడుతుందేమోనని చూశానని ఆయన ఎటో చూస్తూ అన్నారు. సీసాలో మట్టం మాత్రం దాదాపు మెడ దాకా ఉంది. "సీలు లేదు. మట్టం తృప్తికరం" అని రాసుకొని ముందుకు సాగాను.

మా దగ్గర దీనికోసం చేసిన గ్లాసులు లేవు. పరీక్షాశాల సామాను వేలం వేసినప్పుడు నేను కొన్న చిన్న బీకర్లున్నాయి. వాటిలో పోశాను. తెల్ల కాగితం ముందు పట్టుకుంటే, కాగుతున్న బెల్లంపాకం తీగసాగే ముందు ఏ రంగులో ఉంటుందో ఆ రంగు. వంచి నిలబెడితే గాజు లోపలి నుంచి సన్నటి ధారలు తొందరేమీ లేనట్లు కిందికి జారాయి. రంగు పద్దు కింద దాదాపు పూర్తి మార్కులు వేశాను. ఇది ఆయన ఏనాడూ చెప్పరు.

వాసన చూడటానికి ఒక పద్ధతి ఉంది. గ్లాసులో ముక్కు దూర్చకూడదు. నోరు కొద్దిగా తెరిచి, గ్లాసును దూరం నుంచి మెల్లగా దగ్గరికి తేవాలి. మొదట ఐస్‌క్రీం బండి పక్కన నిలబడితే వచ్చే తీపి వాసన తగిలింది. తరువాత బెల్లం. ఆ వెనక, కొత్త గుమ్మం చెక్కుతున్నచోట రాలే పొట్టు వాసన. ఇంకా లోపల, సంగటి అడుగంటినప్పుడు కుండలోంచి లేచే మాడు వాసన, చెడ్డది కాదు, ఆకలి పుట్టించేదే. ఇంతవరకూ అంతా గ్రంథస్థంగానే ఉంది.

అప్పుడు సాంబ్రాణి వచ్చింది.

ఆ వెంటనే ధనియాలు, లవంగాలు, ఉడికిన మాంసం. వియ్యంకుడు నా ముందుకు జరిపిన మసాలా శెనక్కాయల వల్లనేమో అనుకొని ఆ పళ్లెం లోపలికి పంపించాను. పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను. ముక్కు అలసిపోతే సొంత చొక్కా చేతిని వాసన చూస్తే తేరుకుంటుందని చదివాను, అదీ చేశాను. తిరిగొచ్చి చూస్తే సాంబ్రాణి నాకోసం అక్కడే కూర్చొని ఉంది. చివరికి రెండు చుక్కలు నీళ్లు వేశాను. అలా వేస్తే విస్కీలో దాగిన వాసనలు బయటపడతాయంటారు. కర్పూరం బయటపడింది. ఇక గంట మోగించడం ఒక్కటే తక్కువ.

వైండింగ్ డ్రైవరు ఒక గుక్క తాగి, కళ్లు మూసుకొని, "గుళ్లో కూర్చోని తాగినట్లుండాదన్నా. పాపం ఏమీ రాదు గదా?" అని మెల్లగా అడిగాడు.

రుచిలో మొదట తీపి, తరువాత మిరియపు ఘాటు, గొంతు దిగాక వెచ్చదనం. అన్నీ ఉన్నాయి, అన్నిటి మీదా సన్నటి పొగ తెర ఉంది. నిష్పాక్షికంగా రాసి, కూడి, కాగితం మడిచాను. తరువాత కాగితాలు చదివాము. వియ్యంకుడి కాగితంలో "రంగు బాగుండాది, ఘాటు బాగుండాది, తొంభై అయిదు" అని ఉంది. నాది నూటికి నలభై ఒకటి. కింద వ్యాఖ్య: "నకిలీ అని అనుమానం. వచ్చిన మూలం విచారించవలెను." వైండింగ్ డ్రైవరు రెండు అంకెలూ విన్న తరువాత తన కాగితం పోయిందని చెప్పి, రెంటికీ నడుమ ఒక అంకె నోటితో చెప్పాడు.

బొరుగులు తెచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగి, సాంబ్రాణి వాసనొస్తే కళ్లకద్దుకోవాలి గానీ మార్కులు కోస్తారా ఎక్కడైనా అన్నది. ఆవిడ సభ్యురాలు కాదు కనుక దాన్ని నమోదు చేయలేదు.

వియ్యంకుడి ముఖం మాత్రం ఇటుక రంగుకు తిరిగింది. "పోస్టుమార్టం రిపోర్టు చదివినట్లు చదివినావు గదా. ఏమని రాసినావు, నకిలీదనా? ఊరంతా చూపించినాను నేను ఈ సీసాను. నకిలీదనా?"

మొదటి 'నువ్వు' అక్కడ పడింది. నేను శాంతంగా, అసలు బర్బన్‌లో సాంబ్రాణి ఉండే అవకాశం లేదని, అమెరికాలో పీపాలకు ధూపం వేసే ఆచారం ఉన్నట్లు ఎక్కడా చదవలేదని వివరించాను. అప్పుడు నిజం బయటికొచ్చింది. నేరుగా రాలేదు, ఆయన చాలాసేపు బొరుగులు ఏరుకుంటుండగా, ముక్కలుముక్కలుగా వచ్చింది.

మహాలయ అమావాస్యకు మా వైపు ఇళ్లలో పెద్దలకు ఎడె పెడతాము. పోయినవాళ్ల ఫొటోల ముందు ఆకు పరిచి, వాళ్లు బతికుండగా ఇష్టపడినవన్నీ వడ్డిస్తాము. మాంసం, గుడ్లు, వడలు, చుట్టలు తాగినవాళ్లకు చుట్టలు, తాగుడున్నవాళ్లకు మందు. సాంబ్రాణి దట్టంగా వేసి, తలుపు మూసి, ఇంటిల్లిపాదీ బయట కూర్చుంటాము. పెద్దలు వచ్చి తిని పోయారనిపించాక తలుపు తట్టి లోపలికి వెళ్లి, మిగిలింది మేము తింటాము. ఈ ఆచారంతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో మా నాయనకు బ్రాందీతో పాటు బీడీకట్ట, అగ్గిపెట్టె పెడతాము. అగ్గిపెట్టె మరిచిపోయిన సంవత్సరం మిక్సీ కాలిపోయింది. ఆ తరువాత మరవలేదు.

వియ్యంకుడు ఆ రోజు తన తండ్రి ఫొటో ముందు నిలబడి బర్బన్ సీలు కోశారు. లోటాలో పోసి ఆకు పక్కన పెట్టారు. ఆ తరువాత సాంబ్రాణి వేసి, కర్పూరం వెలిగించి, తలుపు మూశారు. పొగ నిండిన చిన్న గదిలో, మటన్ కూర పక్కన, మూత లేని లోటా, మూత తీసిన సీసా. తలుపు తెరిచాక చూస్తే లోటాలో మట్టం తగ్గలేదు. పెద్దలు సారమే తీసుకుంటారు, ద్రవాన్ని ముట్టరు కదా. అంత అరుదైన సరుకును పారబోయడానికి చేయి రాక, ఒప్పందం ప్రకారం సీసా నిండుగా కనపడాలన్న భయమూ ఉండి, లోటాలోది మళ్లీ సీసాలోకి వంచేశారు.

తీసిన నమూనాను తిరిగి డబ్బాలో పోశారు. నా వసారాలో, నా ఎదుట, ఒక మనిషి ఆ మాట నోటితో చెప్పడం నేను విన్నాను.

నా కర్తవ్యం నేను చేశాను. 'నకిలీ' అన్న మాట కింద "కాదు, నమూనా కలుషితం" అని చేర్చి, అంకె మాత్రం అలాగే ఉంచాను. లోటాలోది ఆయనే తాగేసి ఉంటే ఈ చిక్కంతా ఉండేది కాదని కూడా సూచించాను.

ఆయన లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మా నాయన బతికినన్నాళ్లూ సీలుండే సీసా చూడలేదు బావా. క్యానులోంచి ఎవడో కొలిచి పోసిందే తాగినాడు. నీళ్లు కలిపినారని తెలిసే తాగినాడు. గనిలోంచి పైకొచ్చి దగ్గుతా దగ్గుతా అదే తాగినాడు. ఒక్కతూరి, ఒక్కతూరి ఆయప్ప ముందర సీలు పగలగొట్టల్లని పెట్టినాను. ఆయప్ప ఎంగిలికి నువ్వు నలభై ఒకటేసినావు."

"నేను వేసింది ఎంగిలికి కాదు, సాంబ్రాణికి" అన్నాను. అది అక్షరాలా నిజం. ఆ క్షణంలో దానివల్ల ఏ ప్రయోజనమూ కలగలేదని కూడా నమోదు చేస్తున్నాను.

"ఆ నలభై ఒకటి కొట్టేసినంక చెప్పు. అప్పుడొస్తాను." చెప్పులు వేసుకొని మెట్లు దిగారు. అంతసేపూ వేళ్ల మధ్య తిప్పుతున్న మూత ఆయన జేబులోకి వెళ్లింది. వైండింగ్ డ్రైవరు గేటు దాకా వెళ్లి, మూత, అన్నా, మూత అని రెండుసార్లు పిలిచాడు. ఆయన తిరిగి చూడలేదు.

ఆ తరువాతి ఆదివారాల గురించి రాయడానికి పెద్దగా లేదు. వైండింగ్ డ్రైవరు వస్తాడు. ఇద్దరం కూర్చుంటాము. నేను ఒకటి చెబుతాను, అవునన్నా అంటాడు. పరీక్షగా దానికి సరిగ్గా వ్యతిరేకమైనది చెబుతాను, అదీ నిజమే అన్నా అంటాడు. ఎదురు చెప్పే మనిషి లేనిచోట నాలుక నోట్లోని కండ మాత్రమే. ఒక ఆదివారం కొత్త రమ్ము ఒకటి పరీక్షకు పెట్టాను. వాసన చూసి, రుచి చూసి, కాగితం తీసుకొని, ఏమీ రాయకుండా మడిచాను.

బర్బన్ సీసా మా ఫ్రిజ్‌లో ఉంది. మూత లేదు కనుక ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. పూర్తి సభ్యులు లేకుండా ఏ సీసా నుంచీ చుక్క తీయరాదన్నది నేను రాసిన నియమమే, కనుక నేను దాన్ని ముట్టలేదు. అయితే రబ్బరు బ్యాండు ఎంత బిగించినా సారం ఊరుకోదు. వారం వారం మట్టం వెంట్రుక వాసి దిగుతున్నది. ఎవరూ తాగకుండానే తగ్గుతున్నదని మా ఆవిడ సంతోషించింది. మాలూరులో ఎడె అందుకున్న పెద్దాయన ఇక్కడికి కూడా వస్తున్నారని ఆవిడ నమ్మకం. ఆయన ముట్టినదాన్ని ఎండుచేపల పక్కన పెట్టానని నామీద ఒక ఫిర్యాదు. రెండో ఫిర్యాదు పాతదే.

"ఒక్క ఫోను చేసి, పొరబాటైంది అప్పా అంటే ఇంగ అయిపోతాది గదా. నోరేమన్నా అరిగిపోతాదా మీకు?"

పొరబాటు ఎక్కడ జరిగిందో చూపమన్నాను. సాంబ్రాణి ఉందా లేదా? ఉంది. ఉన్నప్పుడు లేదని రాయడం ఎలా? ఆవిడ, ఆ బంగారం రాళ్లు మాట్లాడలేదు కాబట్టి ఇన్నాళ్లు మీ ఉద్యోగం సాగిందని చెప్పి లోపలికి వెళ్లింది.

నేను ఫోను చేయలేదని కాదు. దీపావళికి చేశాను. ఆయన తీశారు. బట్టీలో వాన నీళ్లు నిలిచి పచ్చి ఇటుకలు కరిగిపోయాయని చెప్పారు. ఇక్కడ కూడా వాన పడిందని చెప్పాను. ఆయన ఒక్క మాటకైనా ఎదురు చెప్పలేదు. వాన ఎక్కువ పడిందని నేనంటే, అవును, ఎక్కువే అన్నారు. ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు ఒంట్లో బాగాలేనట్లనిపించింది.

మా అమ్మాయి చెప్పిన సంగతి ఇది. ప్రతి ఆదివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని మాలూరు స్టేషను దాకా నడిచి వెళుతున్నారట. ప్లాట్‌ఫారం మీద టీ తాగి, మారికుప్పం రైలు వచ్చి పోయాక, ఇంటికి తిరిగి వస్తున్నారట. ఎందుకని అడిగితే, టీ బాగుంటుందని అంటున్నారట. ఆ స్టేషను టీ గురించి ఆయన అభిప్రాయం మా సభ రికార్డుల్లో ఉంది. "గేదెకు కూడా పోయరాదు" అని.

అందువల్ల పాత పద్ధతులన్నీ మరోసారి తిరగేశాను. అంకె మార్చడం కుదరదు; అందులో వెనక్కి పోయేది లేదు. అయితే పరీక్షాశాలలో మరో ఏర్పాటుండేది. నమూనా తీసిన తీరులోనే లోపమున్నదని రుజువైతే, వచ్చిన అంకెను తప్పనీ అనము, ఒప్పనీ అనము. దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, కింది అంకె కనపడేలాగే ఉంచి, 'రద్దు' అని రాసి సంతకం చేస్తాము. తరువాత కొత్త నమూనా తెప్పిస్తాము. నిన్న ఉదయం నలభై ఒకటి మీద గీత గీశాను. కారణం అనే గడిలో "లోటా" అని రాశాను. వియ్యంకుడు అడిగినది కొట్టేయమనే కదా. కొట్టేశాను.

ఇక్కడ చిక్కొకటి ఎదురైంది. కొత్త నమూనా లేదు. అదే కంపెనీ సీసా ఇంకొకటి తెచ్చినా అది ఇంకో పీపాది అవుతుంది. ఈ పీపాలోది, పొగ సోకకుండా, ఈ భూమి మీద మాకు దొరకదు. అంటే ఈ బర్బన్‌కు తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, వియ్యంకుడికి లేదు, వైండింగ్ డ్రైవరుకు ఎప్పుడూ లేదు. సీలు తీసిన వెంటనే, సాంబ్రాణి వేయకముందే, శుద్ధంగా అందుకున్నది ఒకే ఒక్కరు. గనిలో దగ్గు తెచ్చుకొని, క్యాను సారాయి తాగి, ఏనాడో వెళ్లిపోయిన ఆ పెద్దాయన.

ఆయన తాగలేదని వియ్యంకుడు అనజాలరు. అంటే ఎడె పెట్టడమే దండగ అవుతుంది. తాగారంటే, అభిప్రాయం ఉండి తీరాలి.

కావున వియ్యంకులవారిని లాంఛనంగా కోరుతున్నదేమనగా: మీ నాయనగారి తరఫున, వారి వారసులైన మీరు, రంగు, వాసన, రుచి, మింగాక మిగిలేది అన్న నాలుగు పద్దుల కిందా విడివిడిగా వారి తీర్పు రాసి, సంతకం చేసి ఇవ్వవలెను. ఉత్త 'బాగుండాది' చెల్లదు. నీళ్లు కలిపారని తెలిసే తాగిన మనిషికి సీలున్న సీసా ఎలా అనిపించి ఉంటుందో వివరంగా ఉండాలి. వారు ఎన్ని మార్కులు వేసినా, అవి మా సభ రికార్డులో తుది తీర్పుగా, నా అంకె పైన, నల్ల సిరాతో ఎక్కుతాయి. దానిపై నేను అప్పీలు చేయను.

జవాబు రాతపూర్వకంగానే ఉండాలి. ఫోను మాటలు, అమ్మాయి ద్వారా కబుర్లు స్వీకరించబడవు. తపాలా మీద నాకు నమ్మకం లేదు. కాబట్టి ఆ కాగితాన్ని రాసినవారే స్వయంగా తెచ్చి, ఆదివారం ఉదయం, దిబ్బల మీద గాలి లేవకముందే, మా వసారాలో, మూడో సభ్యుడి సమక్షంలో నా చేతికి ఇవ్వవలెను. మీ చేతిరాత నాకు అర్థం కాని చోటల్లా చదివి వినిపించవలసి వస్తుంది, ప్రతి పద్దు మీదా నేను అడిగే ప్రశ్నలకు అక్కడే సమాధానం చెప్పవలసి వస్తుంది. అందుచేత తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నపు రైలు చాలదు. సాయంత్రపు రైలుకు వెళ్లేలా చూసుకోవలెను.